ఛాతీ పది, నడుము అర, మెడ లేదు

గింజల కొట్టాయన ఫోనులో అన్నది, "మాస్టారూ, మీ పొట్టి బఠాణీలు వచ్చాయి, పట్టుకెళ్ళండి" అని. దర్జీ మాస్టారికి వినిపించింది, "మీ పొట్టి బటన్లు వచ్చాయి" అని. తప్పు ఆయనది కాదు. నలభై ఏళ్ళుగా కుట్టుమిషను ఆయన చెవిలో కాపురం పెట్టింది; పొమ్మన్నా పోదు, పొగబెట్టినా పోదు. పైగా గింజల కొట్టూ బటన్ల కొట్టూ ఒకే సందులో భుజాలు రాసుకుని ఉంటాయి. సందులో అడుగుపెట్టగానే గింజలాయన ఎదురొచ్చి పొట్లం చేతిలో పెట్టేశాడు. కళ్ళజోడు తన కొట్లో మరిచిపోయిన మనిషి పొట్లం మీద ఏం రాసుందో చదువుతాడా?

తిరిగొచ్చి, కళ్ళజోడు వెతక్కుండానే పొట్లం విప్పి బల్లమీద ఒలకబోశాడు. యాభై. గుండ్రంగా, గట్టిగా, పచ్చగా ఉన్నాయి.

"ఒక్కదానికీ కన్నం లేదేంటి!"

పక్కన లంగా అంచు కుడుతున్న కోడలు తలెత్తి చూసింది. "మామయ్యా, అవి..."

"అమ్మాయ్! ఈ కొట్లో అడగడాల్లేవు. కుట్టడాలే."

ఆయన దబ్బనం ఎర్రగా కాల్చి, గింజకు రెండేసి కన్నాల చొప్పున పొడవడం మొదలెట్టాడు. "బటన్లు చేసేవాడి కళ్ళు బటన్లంత ఉన్నా ఈ కన్నాలు వాడే పెట్టేవాడు" అని తిట్టుకుంటూ ఇరవై నాలుగు పూర్తిచేసేసరికి లోపల్నించి అత్తగారు వచ్చింది.

"ఏమండీ, నా బఠాణీ గింజలు వచ్చాయా? పెరట్లో మడి తయారుగా ఉంది."

మాస్టారు బల్లవైపు చూశాడు. దబ్బనంవైపు చూశాడు. కన్నాలు పడ్డ ఇరవై నాలుగింటినీ అరచేత్తో బటన్ల డబ్బాలోకి తోసేసి, మిగిలిన ఇరవై ఆరూ పొట్లంలో పోసి అందించాడు. తర్వాత కోడలివైపు చూశాడు. ఆ చూపులో ఏముందో మూడేళ్ళు కాపురం చేసిన కోడలికి విడమరిచి చెప్పక్కర్లేదు. ఆమె మళ్ళీ అంచులోకి తల దించేసింది.

"యాభై అన్నాడే! ఇందులో ఇరవై ఆరేనా? ఆ గింజలాయన గింజుకున్నా సరే, మళ్ళీ వాడి కొట్టు గడప తొక్కను" అని అత్తగారు సణుక్కుంటూ పెరట్లోకి వెళ్ళిపోయింది.

అక్కడితో ఆ గొడవ మరుగున పడింది. అసలు గొడవ దానికి రెండు నెలల తర్వాతది.

వాళ్ళది ఇల్లూ కొట్టూ ఒకటే. ముందుగది కొట్టు, మధ్యగది కాపురం, వెనక పెరడు. కొట్టు గోడకి ఒక మేకు, ఆ మేకుకి ఒక కత్తెర. నల్లపిడి, మూరెడు పొడవు. దాన్ని మాస్టారు తప్ప ఎవరూ గుడ్డమీద పెట్టకూడదు. దర్జీకి దర్జా అంతా కత్తెరలోనే ఉందని ఆయన నమ్మకం. కొడుకు పదేళ్ళుగా కాజాలు కుడుతున్నాడు; కత్తెర కావాలని ఎప్పుడూ అడగలేదు, ఎందుకంటే ఆ కొట్లో అడగడాల్లేవు. కోడలు మాత్రం పెళ్ళికి ముందే కత్తిరింపు నేర్చుకుని వచ్చిన పిల్ల. వచ్చిన నాటి నుంచీ అంచులే. సాయంత్రం కొట్టు కట్టేసేముందు ఆ కత్తెరకి నూనె రాసి తుడిచే హక్కు మాత్రం ఆమెది. రాస్తూ రాస్తూ గాలిని రెండుసార్లు కత్తిరించి మళ్ళీ మేకుకి తగిలించేది. ఆ 'కరక్, కరక్' కోసం ఆమెకి ప్రాణం లాగేసేది.

"అంచున కూర్చోబెట్టి అంచులే కుట్టిస్తున్నారు. ఇలాగే ఉంటే నేనూ ఓ మడతలో కలిసిపోతానండీ" అని మొగుడితో అనేది.

"మడతలో ఉంటే నలగవులే" అనేవాడు ఆయన, నోట్లో దారం పెట్టుకుని.

ఆ కొట్టుకి కత్తెర చెయ్యయితే, పుస్తకం బుర్ర. అట్ట ఊడిపోయిన కొలతల పుస్తకం. మాస్టారు వారానికోసారి దాని గురించి ప్రసంగించేవాడు. "మనిషి అబద్ధమాడతాడు. టేపు చూడగానే పొట్ట లోపలికి పీల్చేస్తాడు, ఛాతీ బయటికి తోసేస్తాడు. పుస్తకం అబద్ధమాడదు. పుస్తకంలో ఉన్నవాడే మనిషి, బయట తిరిగేది వాడి నీడ. కొలత తప్పితే కలత తప్పదు!" వెనక పేజీ తిప్పకూడదు, పాత కొలత కంట్లో పడితే కొత్త మనిషి చెడతాడు. రాసినదాన్ని ప్రశ్నించకూడదు. వెనకటికో శిష్యుడు ఒకాయన కుడిచెయ్యి ఎడమచేతికన్నా నాలుగంగుళాలు పొడుగని పుస్తకంలో ఉంటే, అది పొరపాటనుకుని రెండూ సమానంగా కత్తిరించాడు. తీరా ఆయనొచ్చి చొక్కా తొడిగితే కుడిచెయ్యి నాలుగంగుళాలు బయటికొచ్చి అందరికీ నమస్కారం పెట్టింది. ఆ శిష్యుడు ఇప్పుడు తలగడ గలేబులు కుట్టుకుని బతుకుతున్నాడు. ఎందుకంటే తలగడలకి చేతుల్లేవు.

ఈలోగా పెరట్లో ఇరవై ఆరు గింజల్లో చీమలు తిన్నవి తినగా, పిట్టలు పీకినవి పీకగా, పన్నెండు నిలిచాయి. నాటేటప్పుడే అత్తగారు గింజల్ని ఒక్కరాత్రి నానబెట్టి, అంగుళం లోతున, జానెడు దూరాన పెట్టింది. ఆకుల మీద పొయ్యకుండా మొదట్లోనే నీళ్ళు పోసేది. పొట్లం మీద రాసుంది: పొట్టి రకం, పద్దెనిమిది అంగుళాలు దాటదు, పందిరి అక్కర్లేదు, కర్ర అక్కర్లేదు. ఆ మాట మాస్టారికి తెగ నచ్చింది. ఆయన స్వయంగా పీటెక్కితే తప్ప ఎదుటివాడి భుజం కొలవలేని ఎత్తు మరి.

"చూశావటే? పొట్టివాడికి పుట్టెడు బుద్ధులు. ఆసరా అక్కర్లేదట!"

"మీకు పీట అక్కర్లేదా మరి?" అంది అత్తగారు.

అయితే ఆవిడకి గింజలాయన మీద నమ్మకం పోయింది కదా. లెక్కలో దగా చేసినవాడు ఎత్తులో చెయ్యడా? పద్దెనిమిది దాటితే పొట్లం వాడి మొహాన కొట్టాలని పట్టుదల. కాయలు పట్టాక ఒకరోజు పొద్దున్నే కొట్లోంచి టేపు తెచ్చి కొలిచింది. రాసుకోవడానికి ఇంట్లో ఆవిడకి తెలిసిన పుస్తకం ఒకటే. కొలిచి రాయడం తెలిసిన పద్ధతీ ఒకటే. దర్జీ పెళ్ళాం మొక్కని కొలిచినా మనిషిని కొలిచినట్టే కొలుస్తుంది. ఆకులు గుబురుగా ఉన్నచోట ఛాతీ. కాడ సన్నగా ఉన్నచోట నడుము. పక్కకి చాచిన కొమ్మలు చేతులు. ఇక కాయలంటే ఏమిటి, లోపల ఏదో దాచుకున్న సంచులే కదా. జేబులు!

ఇక్కడ కోడలికి తెలియనిదీ మనకు తెలియాల్సిందీ ఒకటుంది. దానికి ముందురోజు సాయంత్రమే మాస్టారు ఊరి బ్యాండుమేళంవాళ్ళ దగ్గరికి ఒక్కడే వెళ్ళి, పన్నెండు మందినీ కొలిచి, ఆ పుస్తకంలోనే చివరి పేజీలో రాసుకొచ్చాడు. పొద్దున్న అత్తగారు దాని తర్వాతి పేజీలో రాసేసరికి ఆయన చివరి పేజీ కాస్తా చివరిదానికి ముందరి పేజీ అయిపోయింది. అక్కడా పన్నెండే, ఇక్కడా పన్నెండే.

ఆ పొద్దునే మాస్టారి మెడ పట్టేసింది. తల కుడివైపుకే తిరుగుతోంది, అదీ కిర్రుమంటూ. ఆదివారం పార్కులో బ్యాండు కచేరీ. శుక్రవారం కోట్లు తొడిగి చూడటానికి వస్తారు. ఎర్రగుడ్డ తాను బల్లమీద ఉంది. మాస్టారు మంచంమీద బిగుసుకుని పడుకునే కోడల్ని పిలిచాడు.

"అమ్మాయ్, కత్తెర తీసుకో."

కోడలికి చెవులు పనిచేస్తున్నాయో లేదో అనుమానం వచ్చింది. ఇంట్లో ఆ జబ్బు మామగారిదే కదా.

"చివరి పేజీ, పన్నెండు కోట్లు. ఉన్నది ఉన్నట్టు కత్తిరించాలి. ఎవర్నీ అడక్కూడదు, వెనక పేజీ తిప్పకూడదు, సొంత తెలివి చూపించకూడదు. నెగ్గావా, కత్తెర నీది. తేడా వచ్చిందా, మళ్ళీ అంచులకే."

ఆమె వెళ్ళి కత్తెరని మేకుమీంచి తీసింది. చివరి పేజీ తెరిచింది.

'నా పొట్టివాళ్ళు. పన్నెండు. మొదటివాడు: నిడివి పదహారు, ఛాతీ పది, నడుము అర, మెడ లేదు. చేతులు నాలుగు, ఒక్కోటి మూడు. జేబులు ఆరు. రెండోవాడు: అదే, కాస్త వంగాడు. మూడోవాడు: పక్కవాణ్ణి పట్టుకుని నిలబడ్డాడు...'

మూడుసార్లు చదివింది. మూడుసార్లూ నడుము అరంగుళమే.

"ఏవండీ! మనిషికి నాలుగు చేతులుంటాయా?" అంది మొగుడితో, గుసగుసగా.

"బ్యాండువాళ్ళు కదా. డోలు కొట్టడానికి రెండు, దోమల్ని కొట్టడానికి రెండు."

"నడుము అరంగుళమట."

"ఊది ఊది అరిగిపోయుంటుంది."

"మెడ లేదట!"

"నాన్నకి పట్టేసింది, వాళ్ళకి పోయింది. అడక్కు అన్నాడా, లేదా? ఈ అడగడమే పరీక్షేమో."

ఆ మాట ఆమెకి తగిలింది. నిజమే, ఇది పరీక్ష. కుడిచెయ్యి పొడుగు దగ్గర ఆ శిష్యుడు బోల్తాపడ్డట్టు, నాలుగు చేతుల దగ్గర తను పడుతుందేమోనని చూస్తున్నారు. 'పుస్తకంలో ఉన్నవాడే మనిషి' అని మూడుసార్లు అనుకుని, సుద్దతో గీత గీసి, కత్తెర ఆడించింది. కరక్.

ఒకసారి చెయ్యి పడ్డాక ఇక ఆమెని పట్టేవాళ్ళు లేరు. పదంగుళాల ఛాతీ నుంచి అరంగుళం నడుముకి దిగడమంటే కొండమీంచి బావిలోకి దిగడమే. ఆ వాలు తెగ్గొట్టకుండా, ముడత పడకుండా తీసింది. నాలుగేసి చేతులు. అణాబిళ్ళంత జేబులు ఆరేసి. వంగినవాడికి వీపు వంచింది, పక్కవాణ్ణి పట్టుకున్నవాడికి చంక కాస్త వదులుచేసింది. ఆ కొట్టు ఆచారం ఇంకొకటుంది: మూడడుగుల లోపువాళ్ళు పెరిగేవాళ్ళని లెక్క, వాళ్ళకి అడుగు అంచులో రెండంగుళాల గుడ్డ మడిచి పెట్టాలి. ఇదొక్కటీ ఆమె మరిచిపోలేదు. అంచులు ఆమె పుట్టిల్లయిపోయాయి మరి.

మొగుడు కందిబద్దంత కాజాలు కుట్టాడు. వాటికి పట్టే బటన్ల కోసం డబ్బా అంతా కెలికితే అడుగున ఆకుపచ్చవి దొరికాయి, కచ్చితంగా ఇరవై నాలుగు, కోటుకి రెండేసి. "నాన్న ఎప్పుడు తెచ్చాడో, కన్నాలు వంకరగా ఉన్నాయి" అంటూ కుట్టేశాడు. కోడలు చూసింది. అవేమిటో ఆమెకి తెలుసు. మామగారి చూపు కూడా గుర్తుంది. సూదిలో దారం ఎక్కించి అందించింది.

పన్నెండు కోట్లు పూర్తయ్యాక కూడా తాను మాత్రం తానుగానే ఉంది, కొసన రెండు మూరలు తరిగిందంతే. అది చూసి ఆమె మళ్ళీ ఒకసారి పుస్తకం తెరిచి, నడుము అరంగుళమేనని చూసుకుంది.

శుక్రవారం బ్యాండు మేస్త్రి వచ్చాడు. ఆయన లోపలికొస్తే వెలుతురు బయటికెళ్ళిపోయే మనిషి. వెనక పదకొండు మంది వీధిలో నిలబడ్డారు. మాస్టారు మెడకి శాలువా చుట్టుకుని, కుడివైపు చూస్తూనే ఎడమవైపున్న మేస్త్రిని పలకరించాడు. "మా కోడలి కత్తిరింపు! తొడుక్కోండి, చెక్కుచెదరదు."

కోడలు కోట్లు తెచ్చింది. పళ్ళెంలో తెచ్చింది.

మేస్త్రి ఒకటి తీసి పిడికిలికి తొడుక్కున్నాడు. బొటనవేలు ఒక చేతిలోంచి, చిటికెనవేలు ఇంకో చేతిలోంచి బయటికొచ్చాయి. ఇంకా రెండు చేతులు మిగిలాయి.

"మాస్టారూ, ఇది కోటా? మీ కోటు పొదిగితే పుట్టిన పిల్లా?"

"పుస్తకం తీసుకురా!" అని అరిచాడు మాస్టారు.

చివరి పేజీ తెరిచాడు. కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. పేజీ చూశాడు, మేస్త్రిని చూశాడు, మళ్ళీ పేజీ చూశాడు. నలభై ఏళ్ళ నమ్మకం ఒక్క క్షణంలో పోతుందా? పీట లాక్కుని ఎక్కి, మేస్త్రి నడుముకి టేపు చుట్టాడు. టేపు చాల్లేదు.

"మొన్నటికీ ఇవాళ్టికీ మీరు బాగా ఒళ్ళు చేశారు" అన్నాడు, గంభీరంగా.

"నేనా?"

"మొన్న అరంగుళం ఉన్నారు. పోనీ అది తిండి మహిమ అనుకుందాం. మిగతా రెండు చేతులేం చేశారు?"

గుమ్మంలో నిలబడ్డ సన్నాయి ఆయన ఎందుకైనా మంచిదని తన చేతులు లెక్కపెట్టుకున్నాడు. తాళాలవాడు మెడ తడుముకున్నాడు.

"మాస్టారూ, ఎల్లుండి కచేరీ. ఆడించేది బొమ్మలాట కాదు. మేం ఎదుటి సందులో తయారు కోట్లు కొనుక్కుంటాం. ఇక మీకూ మాకూ సెలవు" అన్నాడు మేస్త్రి.

మాస్టారు టేపు మడిచేశాడు. పీట దిగి, కోడలివైపు తిరగబోయాడు. మెడ తిరగలేదు. ఒళ్ళంతా తిప్పాల్సి వచ్చింది. "అమ్మాయ్" అన్నాడు, చిన్నగా. "కత్తెర మేకుకి తగిలించెయ్యి."

కత్తెర ఆమె చేతిలోనే ఉంది. తగిలించడానికి రెండడుగులు వేసింది. మేకు దగ్గర ఆగింది. మూడేళ్ళ అంచులు, మూడు రోజుల కత్తిరింపు, అరంగుళం నడుము దగ్గర ముడత పడకుండా తీసిన ఆ వాలు... తప్పు తనదైతే తగిలించొచ్చు. తనది కాకపోతే?

"మామయ్యా, ఒక్కటి అడుగుతాను."

కొట్లో మిషన్ ఆగిపోయింది. మొగుడు నోట్లో దారం మింగేశాడు.

"ఈ పేజీలో రాత మీదేనా?"

మాస్టారు పుస్తకం ముక్కుదాకా తెచ్చుకున్నాడు. ఆయన ఏడులు కొరడాల్లా ఉంటాయి, సున్నాలు కోడిగుడ్లలా. ఇవి అలా లేవు. ఈ సున్నాలు బఠాణీల్లా ఉన్నాయి.

"కాదే!" అన్నాడు.

సరిగ్గా అప్పుడే అత్తగారు చేటలో పచ్చికాయలు పెట్టుకుని వచ్చింది. "ఏంటండీ ఈ జనం? కాయలు కోసుకుందామంటే... అయ్యో, అవి నా పొట్టివాళ్ళ కొలతలు! మీ చేతికెలా వచ్చాయి?"

"నీ పొట్టివాళ్ళా? ఎవరే వాళ్ళు?"

"నా బఠాణీ మొక్కలండీ!"

మాస్టారికి 'బటన్ మొక్కలు' అని వినిపించింది. ఆవిడ చెవిలో మళ్ళీ అరిచింది. అప్పుడు ఆయన వెనక పేజీ తిప్పాడు. అక్కడ కొరడాల ఏడులతో, కోడిగుడ్ల సున్నాలతో బ్యాండువాళ్ళు పన్నెండు మందీ చక్కగా రెండేసి చేతులతో నిలబడి ఉన్నారు. ఆయన పీటమీద కూలబడ్డాడు.

"చూడనివ్వండి" అంది కోడలు. మేస్త్రి పిడికిలి మీది కోటు లాగి పళ్ళెంలో వేసుకుని, కత్తెరతో సహా తిన్నగా పెరట్లోకి నడిచింది. వెనకే మొగుడు, అత్తగారు, మాస్టారు, మేస్త్రి, పెరట్లో పట్టినంత బ్యాండు.

మొదటి మొక్క దగ్గర కూర్చుని కోటు చుట్టి బటన్ పెట్టింది. ఛాతీ పట్టింది. నడుము కాడని ఒరుసుకుని ఆగింది. నాలుగు చేతుల్లోంచి నాలుగు కొమ్మలు బయటికొచ్చాయి. ఆరు జేబుల్లో ఆరు కాయలు దూరి కూర్చున్నాయి. కొలిచిన తర్వాత మొక్క రెండంగుళాలు సాగింది, కోటు పొట్టయింది. ఆమె అడుగు అంచు విప్పి, మడిచి పెట్టిన రెండంగుళాలూ కిందికి దించింది. పద్దెనిమిది. పొట్లం మీద రాసినంతే. వంగినవాడి వీపుకి వంపు సరిపోయింది. పన్నెండు మందీ ఎర్రకోట్లు తొడుక్కుని, ఏ కర్ర ఆసరా లేకుండా వరసగా నిలబడ్డారు. మేస్త్రి చేత్తో సైగ చేస్తే పాట అందుకునేలా ఉన్నారు.

"ఒక్క నూలుపోగు తేడా లేదు" అన్నాడు మేస్త్రి, టోపీ తీసి. "మా మేళం ఎప్పుడూ ఇంత తిన్నగా నిలబడలేదు."

అత్తగారు వంగి ఒక బటన్ని గోటితో గీకింది. పొట్టు ఊడి, పచ్చటి పప్పు కనిపించింది.

"ఏమండీ. ఇవి నా గింజలు! రెండు నెలలుగా ఆ గింజలాయన్ని తిట్టిపోస్తున్నాను. ఇరవై నాలుగూ మీరేనా?"

మాస్టారు ఎటూ తల తిప్పుకోలేని స్థితిలో ఉన్నాడు. అందుకని ఒప్పుకున్నాడు. ఫోను, పొట్లం, దబ్బనం, డబ్బా అన్నీ చెప్పాడు. "కన్నాలు పెట్టింది నేనే. నోరు కుట్టేసింది కూడా నేనే. పాపం, ఈ పిల్లకి అన్నీ తెలుసు."

"అడిగుంటే నేనే చెప్పేదాన్నిగా!" అంది అత్తగారు.

"అడగడాల్లేవుగా మన కొట్లో" అన్నాడు కొడుకు, మింగిన దారం సంగతి మరిచిపోయి.

మాస్టారు కోడలి చేతిలో కత్తెర చూశాడు. తీసుకోలేదు. "అరంగుళం నడుముకి ముడత పడకుండా కత్తిరించినదానికి మేస్త్రిగారి నడుమొక లెక్కా? తానంతా మిగిలే ఉంది. వెనక పేజీ తియ్యి. అనుమానం వస్తే అడుగు. నన్నే అడుగు, గట్టిగా అడుగు."

"గట్టిగా అడక్కపోతే మీకు వినపడదు కదా మామయ్యా" అంది కోడలు.

పెరట్లో పట్టక వీధిలోనే ఉండిపోయిన పెద్ద డోలాయనకి ఇంకా ఏమీ అర్థం కాలేదు. గోడ మీంచి తల పెట్టి, ఏమైందని అడిగాడు. కోడలు కత్తెర కొంగులో దోపుకుని మొదట్నుంచీ చెప్పింది: ఫోనులో ఏమన్నారో, చెవిలో ఏం పడిందో, పుస్తకంలో ఎవరు ముందు రాశారో, ఎవరు తర్వాత రాశారో, జేబులంటే కాయలనీ, చేతులంటే కొమ్మలనీ. ఆయన ఒక్కో ముక్కకీ తల ఊపుతూ అంతా విన్నాడు. అంతా విని, వరసగా నిలబడ్డ పొట్టివాళ్ళని చాలాసేపు చూశాడు.

"అర్థమైందమ్మా" అన్నాడు. "అయితే మాకూ ఆరేసి జేబులు పెడతారా?"